వెరాక్రిప్ట్ వాల్యూమ్‌ను మౌంట్ చేయడం, పని కాగానే మూసేయడం ఎలా?

ల్యాప్‌టాప్ రిపేరుకు ఇచ్చేటప్పుడు లాగిన్ పాస్‌వర్డ్ కూడా చీటీ మీద రాసిచ్చి వస్తాం. ఆధార్, పాన్ స్కాన్ కాపీలు, పట్టాదారు పాసుపుస్తకం ఫొటోలు, పిల్లల మార్కుల మెమోలు, ఇంటి దస్తావేజులు, ఐటీ రిటర్నులు అన్నీ అందులోనే ఏదో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. పాస్‌వర్డ్ ఇవ్వకపోయినా పెద్ద తేడా ఉండదు. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మారి) లేకపోతే, దాన్ని ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించినవాళ్ళకు ఫైళ్ళన్నీ కనిపిస్తాయి. లాగిన్ పాస్‌వర్డ్ విండోస్‌లోకి దారిని ఆపుతుంది, అంతవరకే. డిస్క్ మీదున్న అక్షరాల జోలికి అది పోదు.

ఆ అక్షరాలనే చదవడానికి వీల్లేకుండా మార్చిపెట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వెరాక్రిప్ట్. 2014 మే నెలలో ట్రూక్రిప్ట్ అనే ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్‌ను దాని తయారీదారులు ఉన్నట్టుండి ఆపేశారు. అంతకు ముందే, 2013లో, మునీర్ ఇద్రాసీ ఆ కోడ్‌నే ఆధారంగా తీసుకుని వెరాక్రిప్ట్‌ను మొదలుపెట్టారు. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. 2016లో క్వార్క్స్‌ల్యాబ్ అనే భద్రతా సంస్థ దాన్ని పరిశీలించి దొరికిన లోపాలను బయటపెట్టింది, వాటిలో ముఖ్యమైనవాటిని ఆ వెంటనే వచ్చిన వెర్షన్‌లో సరిచేశారు. నేను దీన్ని నమ్మి వాడటానికి, మీకు చెప్పడానికి అదే కారణం.

ఫైళ్ళను ఇలా ఎన్‌క్రిప్ట్ చేసి దాచే చోటును వాల్యూమ్ అంటారు. పాస్‌వర్డ్ ఇచ్చి దాన్ని తెరవడం మౌంట్, మూయడం డిస్మౌంట్. వాల్యూమ్ తయారుచేయడం, తెరవడం చాలామంది పది నిమిషాల్లో నేర్చుకుంటారు. మూయడం దగ్గరే అలసత్వం వస్తుంది. మౌంట్ అయి ఉన్నంతసేపూ ఆ వాల్యూమ్ మామూలు డ్రైవ్ లాంటిదే. మీ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా, అందులో నడుస్తున్న ఏ వైరసైనా ఫైళ్ళను చదవగలవు. అందుకే ఈ వ్యాసంలో తెరవడం కంటే మూయడం గురించే ఎక్కువ రాశాను. బటన్ల పేర్లు విండోస్ 10, 11లో ఇంగ్లీషు మెనూలు ఉన్నట్టు అనుకుని ఇస్తున్నాను.

ముందుగా ఒక కంటైనర్

వెరాక్రిప్ట్‌ను దాని అధికారిక సైట్ నుంచే దించుకోండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ పంచే మూడో సైట్ల జోలికి పోవద్దు. దించుకున్న ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో 'డిజిటల్ సిగ్నేచర్స్' ట్యాబ్ చూడండి. సంతకం లేకపోయినా, చెల్లదని చూపించినా ఇన్‌స్టాల్ చేయకండి.

మొదటిసారి వాడేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పూర్తి డ్రైవ్ జోలికి పోకుండా ఫైల్ కంటైనర్‌తో మొదలుపెట్టండి. కంటైనర్ అంటే డిస్క్ మీద ఉండే ఒక ఫైల్. మౌంట్ చేస్తే అది డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. కాపీ చేసుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. అక్కర్లేదనుకుంటే తీసేయవచ్చు.

1. 'క్రియేట్ వాల్యూమ్' నొక్కండి. 'క్రియేట్ యాన్ ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్', తర్వాత 'స్టాండర్డ్ వెరాక్రిప్ట్ వాల్యూమ్' ఎంచుకోండి.

2. 'సెలెక్ట్ ఫైల్' దగ్గర ఫోల్డర్ చూపించి, కొత్త పేరు టైప్ చేయండి. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. ఇప్పటికే ఉన్న ఫొటోనో, పీడీఎఫ్‌నో ఎంచుకుంటే వెరాక్రిప్ట్ దాన్ని లోపల దాచిపెట్టదు, చెరిపేసి దాని స్థానంలో కంటైనర్‌ను సృష్టిస్తుంది. పాత ఫైల్ పోతుంది.

3. ఎన్‌క్రిప్షన్ దగ్గర ఏఈఎస్, హాష్ (పాస్‌వర్డ్ నుంచి తాళంచెవి తయారుచేసే పద్ధతి) దగ్గర ఎస్‌హెచ్‌ఏ-512 ముందే ఉంటాయి. మార్చాల్సిన పని లేదు. మూడు అల్గారిథమ్‌లు కలిపితే భద్రత మూడింతలవుతుందనుకుని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. పెరిగేది వేచి చూసే సమయమే. పాస్‌వర్డ్ బలహీనమైతే ఏ అల్గారిథమూ కాపాడదు.

4. సైజు ఇవ్వండి. స్కాన్ కాపీలకు, కాగితాలకు 2 జీబీ సరిపోతుంది. కంటైనర్‌ను పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్ళాలంటే ఆ పెన్‌డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూసుకోండి. ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైల్ పట్టదు.

5. పాస్‌వర్డ్ పెట్టండి. దీని గురించి కింద విడిగా చెబుతాను.

6. ఫైల్ సిస్టమ్ దగ్గర, ఒక్క విండోస్‌లోనే వాడేట్టయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. చోటు చాలకపోతే 'వాల్యూమ్ ఎక్స్‌పాండర్'తో తర్వాత పెంచుకోవచ్చు. మ్యాక్, లినక్స్‌లో కూడా తెరవాలంటే ఎక్స్‌ఫ్యాట్ మేలు. 'డైనమిక్' అనే గడిలో టిక్ పెట్టకండి. అసలు డిస్క్‌లో చోటు అయిపోయినా లోపల ఖాళీ ఉన్నట్టు చూపిస్తుంది, ఆ భ్రమలో రాసిన ఫైళ్ళు పాడవుతాయి.

7. ఆ విండోలోనే మౌస్‌ను అడ్డదిడ్డంగా కనీసం అర నిమిషం కదుపుతూ ఉండండి. తాళంచెవుల కోసం కావలసిన యాదృచ్ఛికత అందులోంచి వస్తుంది. కిందనున్న పట్టీ పచ్చగా నిండాక 'ఫార్మాట్' నొక్కండి. ఆ మాట చూసి భయపడనక్కర్లేదు, ఫార్మాట్ అయ్యేది కొత్త కంటైనర్ లోపలి భాగమే.

పాస్‌వర్డ్ సంగతి

20 అక్షరాలకు తక్కువైతే వెరాక్రిప్ట్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాటేయకండి. ఒకదానికొకటి పొంతన లేని అయిదారు మాటలను పేర్చుకుంటే గుర్తూ ఉంటుంది, ఊహించడమూ కష్టం. ఇంటిపేరు, పుట్టినతేదీ, ఊరిపేరు, పిల్లల పేర్లు వద్దు. సినిమా పాటల పల్లవులు, పద్యపాదాలు కూడా వద్దు. మనకు నోటికొచ్చినవి అవతలివాళ్ళకూ వచ్చే ఉంటాయి.

తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చా? వెరాక్రిప్ట్ ఒప్పుకుంటుంది. అయినా నేను వద్దంటాను. మీ కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉండి, రేపు తెరవాల్సిన కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డే లేకపోతే మీ సొంత ఫైళ్ళ ముందు మీరే బయట నిలబడతారు. తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం మంచి దారి. ఇంగ్లీషు పదాల జాబితాలతో ఊహించే ప్రోగ్రాములకు అవి త్వరగా చిక్కవు. కాకపోతే స్పెల్లింగ్‌ను ముందే ఖాయం చేసుకోవాలి. 'చూరు' అనే మాటలో దీర్ఘానికి రెండు 'ఓ'లా, ఒక 'యూ'నా? 'వాన' మొదటి అక్షరం 'వీ'నా, 'డబ్ల్యూ'నా? ఆరు నెలల తర్వాత తెరిచేటప్పుడు మనల్ని తికమక పెట్టేవి ఇవే. దీర్ఘాలు, ఒత్తులు లేని మాటలు ఎంచుకుంటే ఈ గొడవ తగ్గుతుంది.

'పిమ్' అనే గడిని (పాస్‌వర్డ్‌ను ఎన్నిసార్లు తిప్పాలో నిర్ణయించే అంకె ఇది) ఖాళీగా వదిలేయండి. అప్పుడు వెరాక్రిప్ట్ మీ పాస్‌వర్డ్‌ను ఎస్‌హెచ్‌ఏ-512తో 5,00,000 సార్లు తిప్పి తాళంచెవి తయారుచేస్తుంది. మౌంట్ చేసేటప్పుడు కాసేపు ఆగినట్టుండేది అందుకే. ఊహలతో ప్రయత్నించేవాళ్ళు ప్రతి ఊహకూ అదే సమయం పెట్టాల్సి వస్తుంది. ఒకవేళ పిమ్ అంకె పెట్టుకుంటే, దాన్నీ పాస్‌వర్డ్‌తో సమానంగా గుర్తుపెట్టుకోవాలి. రెండూ సరిగ్గా ఇస్తేనే తెరుచుకుంటుంది.

మౌంట్ చేయడం

వెరాక్రిప్ట్ మెయిన్ విండోలో డ్రైవ్ అక్షరాల జాబితా ఉంటుంది. వాడుకలో లేని ఒక అక్షరం, ఉదాహరణకు 'ఎక్స్', ఎంచుకోండి. 'సెలెక్ట్ ఫైల్' నొక్కి మీ కంటైనర్‌ను చూపించండి. 'మౌంట్' నొక్కి, పాస్‌వర్డ్ ఇచ్చి, 'ఓకే' అనండి. జాబితాలో ఆ అక్షరం పక్కన కంటైనర్ పేరు, సైజు కనిపిస్తే తెరుచుకున్నట్టే. ఆ వరుస మీద డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ వస్తుంది. ఇక మామూలు డ్రైవ్‌లాగే ఫైళ్ళు వేయండి, తీయండి. ప్రతిదీ రాసే క్షణంలోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, చదివే క్షణంలో మెమరీలో విప్పుకుంటుంది. విడిగా చేయాల్సింది ఏమీ లేదు.

ఎప్పుడూ ఒకే అక్షరం వాడితే డాక్యుమెంట్ల దారులు, షార్ట్‌కట్‌లు చెడకుండా ఉంటాయి.

పాస్‌వర్డ్ విండోలో 'క్యాష్ పాస్‌వర్డ్స్' గడికి టిక్ పెట్టవద్దు. మెయిన్ విండోలో 'నెవర్ సేవ్ హిస్టరీ'కి టిక్ ఉండనివ్వండి, లేకపోతే మీ కంటైనర్ ఎక్కడుందో ఆ పట్టీలోనే అందరికీ కనిపిస్తుంది. పాత కంప్యూటర్‌లో మౌంట్ బాగా ఆలస్యమవుతుంటే, పాస్‌వర్డ్ కింద హాష్‌ను ఆటోడిటెక్షన్‌లో వదిలేయకుండా ఎస్‌హెచ్‌ఏ-512 అని ఎంచుకోండి. అన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించే పని తప్పుతుంది. ఫైళ్ళు చూసుకుంటే చాలు, మార్చే పని లేదనుకుంటే 'మౌంట్ ఆప్షన్స్'లో రీడ్ ఓన్లీ పెట్టుకోండి. పాత దస్తావేజులను చేయి జారి తీసేసే ప్రమాదం ఉండదు.

తెరుచుకోకపోతే వచ్చే ఎర్రర్ మెసేజ్‌లో పాస్‌వర్డ్ తప్పు కావచ్చు, పిమ్ తప్పు కావచ్చు, అసలిది వెరాక్రిప్ట్ వాల్యూమే కాకపోవచ్చు అని అన్నీ కలిపి ఉంటాయి. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్‌కు బయట ఏ గుర్తూ ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు కూడా అంతకంటే తెలియదు. ముందు క్యాప్స్ లాక్ చూడండి. తర్వాత కీబోర్డు ఏ భాషలో ఉందో చూడండి. పాస్‌వర్డ్ విండోలో 'డిస్‌ప్లే పాస్‌వర్డ్' టిక్ చేసి, పక్కన ఎవరూ లేనప్పుడు టైప్ చేసి చూసుకోండి. ట్రూక్రిప్ట్ కాలంనాటి పాత వాల్యూమ్ అయితే 1.26 వెర్షన్లలో తెరుచుకోదు. దానికి 1.25.9 వెర్షన్ కావాలి. దాంతో తెరిచి, ఫైళ్ళన్నిటినీ కొత్త కంటైనర్‌లోకి మార్చుకోండి.

డిస్మౌంట్ చేయడం

వెరాక్రిప్ట్ విండోను క్రాస్ గుర్తు నొక్కి మూస్తే వాల్యూమ్ మూసుకోదు. ప్రోగ్రాం గడియారం పక్కన చిన్న గుర్తుగా కూర్చుని ఉంటుంది, ఎక్స్ డ్రైవ్ తెరిచే ఉంటుంది. స్క్రీన్ లాక్ చేసినా అంతే. ల్యాప్‌టాప్ మూత వేసి స్లీప్‌లో పెట్టినా తాళంచెవి మెమరీలోనే ఉండిపోతుంది. హైబర్నేట్ చేస్తే ఆ మెమరీ మొత్తం డిస్క్ మీదకు రాయబడే ప్రమాదం ఉంది. బస్సులోనో, రైల్లోనో ల్యాప్‌టాప్ పోయేది చాలావరకు ఈ స్థితిలోనే, బ్యాగులో స్లీప్‌లో ఉండగానే. దొంగ చేతికి అలా తెరిచి ఉన్న వాల్యూమ్ అందితే ఇంత కష్టపడి పెట్టిన పాస్‌వర్డ్ కొరగాదు.

మూసే పద్ధతి ఇది. వాల్యూమ్‌లోని ఫైళ్ళను సేవ్ చేసి మూయండి. ఆ ఫోల్డర్ విండోలు కూడా మూయండి. వెరాక్రిప్ట్‌లో ఆ అక్షరం వరుసను ఎంచుకుని 'డిస్మౌంట్' నొక్కండి. ఈ మధ్య వెర్షన్లలో ఆ బటన్ మీద 'అన్‌మౌంట్' అని ఉంటుంది, పని అదే. ఒకటికంటే ఎక్కువ తెరిచి ఉంటే 'డిస్మౌంట్ ఆల్' ఉంది. జాబితాలో వరుస ఖాళీ అయిందని, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్ డ్రైవ్ మాయమైందని కళ్ళతో చూసుకున్నాకే లేవండి.

వాల్యూమ్‌లోని ఫైళ్ళు ఏదో ప్రోగ్రాం వాడుతోందనీ, బలవంతంగా డిస్మౌంట్ చేయమంటారా అనీ ఒక్కోసారి అడుగుతుంది. వెంటనే 'యస్' నొక్కకండి. సగం రాసిన ఫైల్ సగంలోనే తెగిపోవచ్చు. ముందు వర్డ్, ఎక్సెల్, ఫొటో వ్యూయర్, పీడీఎఫ్ రీడర్ అన్నీ మూశారో లేదో చూడండి. యాంటీవైరస్ స్కాన్ నడుస్తుంటే అయ్యేవరకు ఆగండి. మెయిల్‌కు జత చేసిన ఫైల్ ఇంకా అప్‌లోడ్ అవుతూ ఉండవచ్చు. అయినా దొరక్కపోతే స్టార్ట్ మెనూలో 'రిసోర్స్ మానిటర్' తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో 'అసోసియేటెడ్ హ్యాండిల్స్' దగ్గరున్న సెర్చ్ గడిలో మీ డ్రైవ్ అక్షరం, కోలన్ టైప్ చేయండి. ఏ ప్రోగ్రాం పట్టుకుని ఉందో అక్కడ పేరుతో సహా కనిపించే అవకాశం ఎక్కువ. దాన్ని మూసి, మళ్ళీ డిస్మౌంట్ చేయండి. సేవ్ చేయాల్సింది ఏదీ మిగల్లేదని రూఢి అయ్యాకే బలవంతపు డిస్మౌంట్.

కంటైనర్ పెన్‌డ్రైవ్‌లో ఉంటే వరుస తప్పకూడదు. మొదట వెరాక్రిప్ట్‌లో డిస్మౌంట్, తర్వాత విండోస్‌లో 'సేఫ్లీ రిమూవ్', ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ తీయడం.

మనిషి మరిచిపోతాడు కాబట్టి ఈ పనిని కొంత కంప్యూటర్‌కే అప్పజెప్పండి. 'సెట్టింగ్స్'లో 'ప్రిఫరెన్సెస్' తెరిస్తే ఆటో డిస్మౌంట్ అనే భాగం ఉంటుంది. లాగాఫ్ అయినప్పుడు, స్క్రీన్ లాక్ అయినప్పుడు, పవర్ సేవింగ్‌లోకి వెళ్ళినప్పుడు మూసేయమని టిక్‌లు పెట్టండి. కొన్ని నిమిషాలపాటు వాల్యూమ్‌లో చదవడం, రాయడం ఏదీ జరగకపోతే మూసేయమని కూడా చెప్పవచ్చు. అక్కడ 15 లేదా 20 పెట్టుకోండి. తెరిచి ఉన్న ఫైళ్ళున్నా బలవంతంగా మూసే టిక్ కూడా అక్కడే ఉంది. తరచూ ప్రయాణాలు చేసేవాళ్ళు దాన్ని పెట్టుకోవాలంటాను. సేవ్ చేయని నాలుగు లైన్లు పోతే మళ్ళీ రాసుకోవచ్చు. ఇంట్లో ఒకేచోట పెట్టుకుని పనిచేసేవాళ్ళకు అది అవసరం లేదు.

పని మధ్యలో కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోతే వాల్యూమ్ తనంతట తానే మూసుకున్నట్టే, రహస్యానికి భంగం లేదు. లోపలి ఫైల్ సిస్టమ్‌కు మాత్రం దెబ్బ తగిలి ఉండవచ్చు. మళ్ళీ మౌంట్ చేశాక ఆ వరుస మీద రైట్ క్లిక్ చేసి 'చెక్ ఫైల్‌సిస్టమ్', అవసరమైతే 'రిపేర్ ఫైల్‌సిస్టమ్' నడపండి.

పూర్తి పెన్‌డ్రైవ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసినవాళ్ళకు

మొత్తం పెన్‌డ్రైవ్‌నో, పార్టిషన్‌నో ఎన్‌క్రిప్ట్ చేస్తే తగిలించిన ప్రతిసారీ విండోస్ దాన్ని గుర్తుపట్టక, వాడాలంటే ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. ఎప్పుడూ 'క్యాన్సిల్' నొక్కండి. 'ఫార్మాట్' నొక్కితే వాల్యూమ్ హెడర్ మీద దెబ్బ పడుతుంది. ఇంట్లో అదే కంప్యూటర్ వాడే మిగతావాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి, ఆ పెన్‌డ్రైవ్ మీద ఒక గుర్తు అంటించండి. మౌంట్ చేయడానికి 'సెలెక్ట్ ఫైల్' బదులు 'సెలెక్ట్ డివైస్' వాడాలి. విండోస్ దానికి ఇచ్చిన అక్షరాన్ని వదిలేసి వేరే అక్షరం మీద మౌంట్ చేసుకోవాలి. ఇన్ని జాగ్రత్తలు కావాలి కాబట్టే ఫైల్ కంటైనర్‌తో మొదలుపెట్టమన్నాను.

బయటి కంప్యూటర్లు, క్లౌడ్, పాత కాపీలు

జిరాక్స్ షాపులోనో, నెట్ సెంటర్‌లోనో మీ వాల్యూమ్‌ను మౌంట్ చేయకండి. అక్కడి కంప్యూటర్‌లో కీలాగర్ (మీరు నొక్కే మీటలన్నిటినీ రహస్యంగా రాసుకునే ప్రోగ్రాం) ఉంటే ఒక్క ప్రింట్ కోసం పాస్‌వర్డ్ మొత్తం ధారపోసినట్టే. కావలసిన ఒక్క కాగితాన్ని ఇంట్లోనే విడి పెన్‌డ్రైవ్‌లోకి తీసుకెళ్ళి, ప్రింట్ అయ్యాక తుడిచేయండి.

కంటైనర్‌ను గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటివాటిలో పెట్టేవాళ్ళు ఒక విషయం తెలుసుకోవాలి. లోపల ఫైళ్ళు మారినా కంటైనర్ మార్పు తేదీని వెరాక్రిప్ట్ మామూలుగా పాతదిగానే ఉంచుతుంది. దాంతో ఏమీ మారలేదనుకుని సింక్ ప్రోగ్రాం కొత్త కాపీని పంపకపోవచ్చు. ప్రిఫరెన్సెస్‌లో 'ప్రిజర్వ్ మోడిఫికేషన్ టైమ్‌స్టాంప్' టిక్ తీసేయండి. డిస్మౌంట్ చేశాకే సింక్ అవనివ్వండి. ఒకే కంటైనర్‌ను రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరవకండి. హైదరాబాద్‌లో అమ్మానాన్నలు, అమెరికాలో పిల్లలు ఒకే ఫైల్‌ను పంచుకునే ఇళ్ళలో ఇది ముఖ్యం. ఎవరు ముందు సేవ్ చేశారన్న గందరగోళంలో ఒకరి మార్పులు పోతాయి.

కంటైనర్‌లోకి కాపీ చేసినంత మాత్రాన బయటి పాత ఫైళ్ళు పోవు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, వాట్సాప్ ఫోల్డర్, రీసైకిల్ బిన్ వెతికి తీసేయండి. ఎస్‌ఎస్‌డీల్లో తుడిచిన డేటా ఎప్పుడు పూర్తిగా పోతుందో మన చేతిలో ఉండదు. వర్డ్ లాంటివి తాత్కాలిక కాపీలను సీ డ్రైవ్‌లో రాస్తుంటాయి, ఇటీవల తెరిచిన ఫైళ్ళ పేర్లనూ చూపిస్తుంటాయి. అంత దాకా రక్షణ కావాలంటే విండోస్ ఉన్న డ్రైవ్ మొత్తాన్నే ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలి.

హెడర్ బ్యాకప్

వాల్యూమ్ మొదట్లో ఉండే చిన్న భాగం హెడర్. అసలు తాళంచెవి దాంట్లోనే, మీ పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అది చెడితే పాస్‌వర్డ్ సరైనదైనా లోపలికి దారి లేదు. దాని నకలు ఒకటి వాల్యూమ్ చివర్లోనూ ఉంటుంది. మొదటిది దెబ్బతింటే 'మౌంట్ ఆప్షన్స్'లో ఆ లోపలి బ్యాకప్ హెడర్‌ను వాడమని టిక్ పెట్టి చూడవచ్చు. అయినా 'టూల్స్'లో 'బ్యాకప్ వాల్యూమ్ హెడర్' నడిపి, వచ్చిన ఫైల్‌ను వేరే పెన్‌డ్రైవ్‌లో దాచండి. హెడర్ బ్యాకప్ మీ ఫైళ్ళకు బ్యాకప్ కాదు. డిస్క్ చెడిపోతే కావలసింది మొత్తం కంటైనర్ కాపీ. దాన్ని డిస్మౌంట్ చేశాక మరో డిస్క్‌లోకి విడిగా తీసుకోండి.

పాస్‌వర్డ్ మార్చినప్పుడు మారేది హెడరే, లోపలి అసలు తాళంచెవి మారదు. అంటే పాత హెడర్ బ్యాకప్, పాత పాస్‌వర్డ్ రెండూ ఎవరి చేతిలోనైనా ఉంటే వాల్యూమ్ వాళ్ళకు తెరుచుకుంటుంది. మార్చిన వెంటనే కొత్త హెడర్ బ్యాకప్ తీసుకుని పాతది నాశనం చేయండి. పాత పాస్‌వర్డ్ బయటపడిందన్న అనుమానం ఉంటే కొత్త కంటైనర్ తయారుచేసి ఫైళ్ళను అందులోకి మార్చండి.

మరిచిపోయిన పాస్‌వర్డ్‌ను తిరిగి ఇచ్చే ఓటీపీ గానీ, కస్టమర్ కేర్ గానీ వెరాక్రిప్ట్‌కు లేదు. తయారుచేసినవాళ్ళు కూడా తెరవలేరు. అందుకే పాస్‌వర్డ్‌ను, స్పెల్లింగ్‌తో సహా, కాగితం మీద రాసి కవరులో పెట్టి బ్యాంకు లాకర్‌లోనో, కంప్యూటర్‌కు దూరంగా మరెక్కడైనానో ఉంచండి. ఇన్సూరెన్సు కాగితాలు, ఆస్తి దస్తావేజుల స్కాన్‌లు ఆ వాల్యూమ్‌లో పెట్టినవాళ్ళు ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా చెప్పాలి. మౌంట్ చేసే నాలుగు మెట్లు కూడా అదే కాగితం మీద రాసి, వాళ్ళ చేత ఒకసారి తెరిపించి, మూయించి చూడండి.